తేలు కుడితే చూడవలసింది నొప్పి కాదు, చెమట

(మా గ్రామీణ విలేకరి)

తొలకరి జల్లు పడగానే మన పల్లెలలో విత్తనం పనితో పాటు తేలు మంత్రం వేసేవారికి కూడా పని మొదలవుతుంది. ఎండకాలమంతా రాళ్ల సందులలో, గోడ నెర్రెలలో దాగి ఉన్న తేళ్లు నేల తడవగానే బయటకు వస్తాయి. గట్టు మీద రాయి తీసే కూలీని, పిడకల గూటిలో చెయ్యి పెట్టిన ఇల్లాలిని, మిద్దె ముందు నాపబండల మీద పడుకున్న పిల్లవాడిని కుడతాయి. కుట్టిన వెంటనే మంత్రం తెలిసిన పెద్దాయన కోసం మనిషిని పంపుతారు. ఆయన వచ్చేలోగా చింతగింజను బండ మీద అరగదీసి అంటిస్తారు. ఉత్తరేణి ఆకు నలిపి రాస్తారు. ఆసుపత్రి మాట వచ్చేసరికి చాలాసార్లు తెల్లవారుతుంది.

ఈ వరుస మారాలి. ముందు ఆసుపత్రి, తరువాతనే మిగిలినవన్నీ అనే వరుస రావాలి. ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో ఇది ప్రాణానికి సంబంధించిన మాట. ఎందుకు మారాలో తెలియాలంటే తేలు అనే ప్రాణిని కొంచెం దగ్గరగా చూడవలసి ఉంటుంది. మన పూర్వులు తరతరాలుగా దానితో కలిసి బతికారు. అయినా దాన్ని గురించి మనకు తెలిసినదానిలో సగం నిజం, సగం కట్టుకథ.

ఎనిమిది కాళ్ల వంశం

తేలును మనం పురుగూ పుట్రా లెక్కలో కలిపేస్తాం. కాని పురుగులకు ఆరు కాళ్లు, తేలుకు ఎనిమిది. ఇది సాలెపురుగు బంధువు. పశువుల చెవులలో, పొదుగు దగ్గర పట్టే పిడుదు, మిరప తోటను, కొబ్బరికాయను పాడుచేసే నల్లి, గజ్జి కలిగించే కంటికి కనిపించని పురుగు, తొలకరిలో ఎర్రని మఖమలు ముక్కలా నేల మీద నడిచే ఆరుద్ర పురుగు, ఇవన్నీ ఒకే వంశం. ఇందులో ఒక తమాషా ఉన్నది. పిడుదు గుడ్డులో నుంచి వచ్చినప్పుడు దానికి ఆరు కాళ్లే ఉంటాయి. రక్తం తాగి, కుబుసం విడిచిన తరువాత మిగిలిన రెండు వస్తాయి. తేలు పిల్ల మాత్రం పుట్టుకతోనే ఎనిమిది కాళ్లతో పుడుతుంది.

తేలు వంశం చాలా పాతది. 43 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లలో తేళ్ల అచ్చులు దొరికాయి. భూమి మీద మనిషి జాడ లేని రోజుల నుంచి ఇది తన రూపాన్ని పెద్దగా మార్చుకోకుండా నెట్టుకువస్తున్నది. ప్రపంచంలో రెండు వేలకు పైగా రకాలు ఉంటే, అందులో మనిషి ప్రాణం తీయగలిగినవి కొన్ని పదుల రకాలు మాత్రమే. మన దురదృష్టం కొద్దీ అందులో ఒకటి మన దేశంలో ఉన్నది. అదే ఎర్రతేలు. మహారాష్ట్ర కొంకణంలో, సౌరాష్ట్రలో, కర్ణాటకలో, తమిళనాడులో, తెలంగాణలో, మన రాయలసీమలో అది ఉన్నది.

ఒంటి నిర్మాణం

తేలు ముందుభాగంలో రెండు పటకార్ల వంటి చేతులు ఉంటాయి. అవి కాళ్ల లెక్కలోకి రావు. వాటితో ఎరను పట్టుకుంటుంది. వీపు మీద నడిమధ్య రెండు కళ్లు, పక్కల మరికొన్ని చిన్న కళ్లు ఉంటాయి. ఇన్ని కళ్లున్నా చూపు అంతంత మాత్రమే. అది లోకాన్ని తెలుసుకునేది కాళ్లతో, చేతుల మీది సన్నని వెంట్రుకలతో. బొద్దింక నడిచినా నేలలో పుట్టే అదురు దానికి తెలుస్తుంది. పొట్ట కింద దువ్వెన పళ్ల వంటి అవయవాలు రెండు ఉంటాయి. నడుస్తూ వాటితో నేలను తడిమి, వాసన, రుచి పసిగడుతుంది. ఇలాంటి దువ్వెన మరే ప్రాణికీ లేదు.

తోకకు అయిదు కణుపులు. వాటి చివర విషపు తిత్తి, దానికి కొండి. విషం తయారు కావడానికి తేలు తన ఒంట్లోని శక్తిని ఖర్చుపెట్టుకోవాలి. కనుక ఊరికే కుట్టదు. చేతులతో అణచగలిగిన చిన్న పురుగు మీద కొండి వాడనే వాడదు. మనిషిని కుట్టిందంటే చెయ్యి మీద పడినందుకో, కాలు తొక్కినందుకో అయి ఉంటుంది. మన మీద దానికి పగ లేదు.

రాత్రిపూట తిరిగి బొద్దింకలను, కీచురాళ్లను, సాలెపురుగులను తింటుంది. నమిలి మింగడం లేదు. ఎర మీద రసం వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. ఒకసారి కడుపు నిండితే నెలల తరబడి తిండి లేకుండా బతకగలదు. అందుకే పాడుబడిన కొట్టాలలో, ఏడాదిగా కదపని బండల కింద కూడా తేలు సజీవంగా ఉంటుంది. మరొక విచిత్రం, దొంగనోట్లు పరీక్షించే ఊదారంగు దీపాన్ని చీకట్లో తేలు మీద వేస్తే దాని ఒళ్లు పచ్చగా, నీలంగా మెరుస్తుంది. ఆ దీపం ఒకటి ఇంట్లో ఉంటే రాత్రి మంచాల కింద, పెరట్లో ఒకసారి చూసుకోవచ్చు. కుబుసం అప్పుడే విడిచిన తేలు మాత్రం మెరవదు. కనుక దీపం ఉన్నదని ధీమా పనికిరాదు.

పొట్ట చీల్చుకుని పుడతాయన్నది కట్టుకథ

తేలు పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయని, తల్లిని తినేస్తాయని మన ఊళ్లలో చెప్పుకుంటారు. కృతఘ్నులైన కొడుకులను తేలు పిల్లలతో పోల్చే పెద్దలు కూడా ఉన్నారు. ఇది తేలుకు జరిగిన అన్యాయం.

జతకట్టే కాలంలో మగతేలు ఆడతేలు చేతులు పట్టుకుని ముందుకూ వెనుకకూ నడిపిస్తుంది. చూసేవారికి కోలాటంలా ఉంటుంది. అనువైన చోటు దొరికాక మగతేలు నేల మీద బీజపు తిత్తిని నిలబెట్టి, ఆడతేలును దాని మీదకు లాగుతుంది. తరువాత తల్లి నెలల తరబడి, కొన్ని రకాలలో ఏడాదికి పైగా, పిల్లలను కడుపులో మోస్తుంది. పిడుదులా వేల గుడ్లు నేల మీద పెట్టి చచ్చిపోవడం తేలు పద్ధతి కాదు. అది నేరుగా పిల్లలను కంటుంది. తెల్లని, మెత్తని పిల్లలు ఒక్కొక్కటిగా తల్లి కాళ్ల మీదుగా వీపెక్కుతాయి. మొదటి కుబుసం విడిచేదాకా, అంటే వారం నుంచి రెండు వారాలు, అక్కడే ఉంటాయి. ఆ రోజులలో వీపెక్కలేని పిల్ల బతకదు. తల్లి వీపు మీద గుంపుగా కదిలే పిల్లలను చూసినవారే వాటిని తల్లిని తింటున్నాయని అనుకుని ఉంటారు.

వీపు దిగిన పిల్ల అయిదారుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. చాలా తేళ్లు కొన్నేళ్లు బతుకుతాయి. పిల్లలను మోసే తల్లి ఒకటి పెరట్లో కనిపించిందంటే ఆ చుట్టుపక్కల పదుల సంఖ్యలో తేళ్లు పెరగబోతున్నాయని అర్థం. బండలు, కట్టెల మోపులు ఇంటికి దూరంగా పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే.

రెండు తేళ్లు, రెండు విషాలు

ఇక అసలు విషయం. మన ఊళ్లలో ప్రధానంగా రెండు రకాల తేళ్లు కనిపిస్తాయి. ఒకటి అరచేతి పొడవు పెరిగే నల్లతేలు. కొందరు మండ్రగబ్బ అంటారు. పీత చేతుల వంటి లావుపాటి పటకార్లు, వాటితో పోలిస్తే సన్నని తోక. చూడగానే గుండె ఝల్లుమంటుంది. కాని దాని విషం బలమైనది కాదు. నొప్పి, మంట, వాపు ఉంటాయి. కొద్ది గంటలలో వాటంతట అవే తగ్గుతాయి.

రెండవది రెండు మూడు అంగుళాల ఎర్రతేలు. రంగు నారింజ నుంచి ఇటుక రంగు దాకా ఉంటుంది. సన్నని పటకార్లు, లావుపాటి తోక. చూడడానికి చిన్నది, లెక్కలేనిది. ప్రాణం తీసేది ఇదే. రంగును నమ్ముకోవడం కంటె ఈ ఆకారం గుర్తు మంచిది: చేతులు లావు, తోక సన్నం అయితే విషం తక్కువ. చేతులు సన్నం, తోక లావు అయితే విషం ఎక్కువ. చేతి బలం ఉన్నది చేతిని నమ్ముకుంటుంది, లేనిది కొండిని నమ్ముకుంటుంది.

మంత్రం ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. నల్లతేలు కుట్టినవానికి మంత్రం వేసినా, వేయకపోయినా నొప్పి తగ్గుతుంది. ఎర్రతేలు కుట్టినా అందరికీ విషం గుండె దాకా పోదు. కనుక మంత్రం వేయించుకున్నవారిలో ఎక్కువమంది బాగుపడతారు, పెద్దాయనకు పేరు వస్తుంది. ఆయనను మోసగాడు అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన ఊళ్లలో చాలామంది పైసా తీసుకోకుండా అర్ధరాత్రి లేచి వస్తారు. వారి మంచితనంలో లోపం లేదు. లోపం లెక్కలో ఉన్నది. బాగుపడినవారు ఊరంతా చెబుతారు. చనిపోయిన పిల్లవాడు చెప్పడానికి ఉండడు. తల్లిదండ్రులు ఆయుస్సు తీరిందనుకుంటారు.

ఇంతకంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఎర్రతేలు విషం ఒంటికెక్కినవారిలో కుట్టినచోట నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. విపరీతమైన నొప్పితో గోల పెట్టేవాడికి చాలాసార్లు ప్రాణభయం ఉండదు. నొప్పి లేదంటూ చెమటతో తడిసి, చల్లబడి, మౌనంగా కూర్చున్నవాడే ప్రమాదంలో ఉంటాడు. మంత్రం వేసేవారు అడిగేది “నొప్పి దిగిందా” అని. పిల్లవాడు దిగిందంటాడు. ఇంటికి పంపుతారు. విషం మాత్రం తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

గుండె మీద భారం

ఆ విషం నరాలను విశ్రాంతి లేకుండా రేపుతుంది. దానితో అడ్రినలిన్ వంటి రసాయనాలు రక్తంలోకి ఒక్కసారిగా వచ్చిపడతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తపు పోటు పెరుగుతుంది. రైతులకు అర్థమయ్యే మాటలలో చెప్పాలంటే గేటు వాల్వు మూసిపెట్టి బోరు మోటారు వేసినట్టు. మోటారు ఎంతసేపు తట్టుకుంటుంది? గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. దగ్గుతో నురగ పడుతుంది. కుట్టిన కొద్ది గంటలలోనే ఇదంతా జరిగిపోవచ్చు. పిల్లల ఒళ్లు చిన్నది, విషం అంతే. అందుకే చనిపోయేవారిలో పిల్లలు ఎక్కువ.

ఈ సంగతిని కనిపెట్టడంలో పెద్ద పాత్ర వహించిన వైద్యుడు మహానగరంలో ఉన్నవాడు కాదు. ఆయన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. 1976లో మహారాష్ట్రలోని మహాడ్ పట్టణం దగ్గర బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. కొంకణపు వరిపొలాలలో ఎర్రతేలు కుట్టి వచ్చినవారు కళ్లముందే చనిపోతుంటే, మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కరి నాడి, చెమట, రక్తపు పోటు రాసుకున్నారు. 1982లో ఆ లక్షణాలను లండన్ నుంచి వెలువడే లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. తరువాత, రక్తపు పోటుకు వాడే ప్రజోసిన్ అనే మాత్ర ఆ బిగుసుకున్న నాళాలను వదులు చేస్తుందని గుర్తించి, 1986లో భార్య డాక్టర్ ప్రమోదినితో కలిసి అదే పత్రికలో రాశారు. మూసిన వాల్వును తెరిచినట్టే. అంతకు ముందు విషం తీవ్రంగా ఎక్కినవారిలో వందకు పాతిక, ముప్ఫై మంది చనిపోతుండగా, ఈ మాత్ర వచ్చాక అది వందకు ఒకటి దాకా తగ్గిందని ఆయన లెక్కలు చెబుతున్నాయి.

ముంబైలోని హాఫ్‌కిన్ సంస్థ ఎర్రతేలు విషానికి విరుగుడు సూదిమందు తయారు చేసింది. ప్రజోసిన్‌తో పాటు ఆ విరుగుడు కూడా ఇస్తే రోగి ఇంకా త్వరగా కోలుకుంటాడని 70 మంది మీద జరిపిన పరీక్షలో తేలినట్లు 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. 2022లో డాక్టర్ బావస్కర్‌కు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఒక పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో పుట్టిన వైద్యం ఇది. పల్లెటూరి ఆరోగ్య కేంద్రాలన్నిటికీ అందవలసిన వైద్యం ఇది.

ఇంటివారు చేయవలసినది

కుట్టిన తరువాత నొప్పి ఒక్కటే ఉంటే భయపడనక్కరలేదు. తడిగుడ్డ వేసి, ఆ కాలు, చెయ్యి కదపకుండా ఉంచి, ఆసుపత్రిలో చూపించుకుంటే చాలు. కాని ఒళ్లంతా చెమట పట్టడం, వాంతి, కాళ్లూ చేతులూ చల్లబడటం, చొంగ కారడం, గుండె దడ, ఆయాసం, మగపిల్లలలో అంగం బిగుసుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయకూడదు. 108కి ఫోను చేయాలి, లేదా దొరికిన బండి మీద బయలుదేరాలి. చిన్నపిల్లల విషయంలో లక్షణాల కోసం కాచుకుని కూర్చోకుండా వెంటనే తీసుకుపోయి, ఒక రోజు ఆసుపత్రిలోనే కనిపెట్టి ఉండటం క్షేమం.

బిగించి కట్టు కట్టకూడదు. బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు. పాము కాటుకు ఇచ్చే సూదిమందు తేలు విషానికి పనిచేయదు. అలాగే ప్రజోసిన్ మాత్ర పేరు తెలిసింది కదా అని అంగడిలో కొని సొంతంగా వేయరాదు. అది రక్తపు పోటును తగ్గిస్తుంది. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి, మందు వేశాక రోగిని పడుకోబెట్టి ఉంచాలి. వీలైతే తేలును సెల్‌ఫోనులో ఫొటో తీసి వైద్యునికి చూపవచ్చు. దాని కోసం గోడలు తవ్వుతూ ప్రొద్దు పుచ్చకూడదు.

అధికారులు చేయవలసినది

మొదటిది, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్ర ఏడాది పొడుగునా నిలువ ఉండాలి. ఇది ఖరీదైన మందు కాదు. మందు ఉన్నదో లేదో జనానికి తెలిసేలా గోడ మీద రాయాలి. అర్ధరాత్రి పది కిలోమీటర్లు పోయిన తరువాత పెద్దాసుపత్రికి పొమ్మనే మాట వినడం కంటె మంత్రమే నయమని మనవాళ్లు అనుకుంటున్నారంటే, తప్పు పూర్తిగా వారిది కాదు.

రెండవది, ఊళ్లోని ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు పైన చెప్పిన లక్షణాలు కంఠతా రావాలి. మూడవది, మంత్రం వేసే పెద్దలను దూరం పెట్టకుండా పిలిచి మాట్లాడాలి. జనం మొదట పోయేది వారి దగ్గరికే. “మంత్రం వేశాను, ఇక ఆసుపత్రికి పో. పిల్లవాడికి చెమట పడుతోంది, నా మంత్రం కోసం ఆగవద్దు” అని ఆ పెద్దాయన నోట వస్తే, వైద్యుడు చెప్పినదాని కంటె బలంగా పనిచేస్తుంది.

మన జిల్లా కోడుమూరులో శ్రావణ మాసం మూడవ సోమవారం నాడు కొండ మీది స్వామికి భక్తులు రాళ్లెత్తి, తేళ్లను చేత్తో పట్టి సమర్పించే ఆచారం అందరికీ తెలిసినదే. భక్తుల విశ్వాసాన్ని ప్రశ్నించే అవసరం లేదు. ఆ రోజు కొండ మీద పిల్లలు కూడా తేళ్లను పడతారు కనుక, కొండ కింద ఒక వైద్యుడు, ఒక వాహనం, ఈ మాత్ర ప్రతి ఏటా ఉండితీరాలి. అందువల్ల భక్తికి వచ్చే లోటు ఏమీ లేదు. స్వామి కూడా కాదనడు.

నాలుగవది లెక్క. పత్రికలలో “తేలు కుట్టి బాలిక మృతి” అని రెండు పంక్తుల వార్త వస్తుంది. ఏ తేలు కుట్టింది, ఎన్ని గంటలకు కుట్టింది, ఆసుపత్రికి ఎన్ని గంటలకు చేరింది, ఏ మందు ఇచ్చారు అన్న వివరాలు ఎక్కడా దొరకవు. ప్రతి మరణానికీ ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసిపెడితే, ఏ మండలంలో మందు చేరలేదో, ఏ ఊరిలో ఆలస్యం జరుగుతున్నదో అధికారులకే తెలుస్తుంది.

తేలును నిర్మూలించడం మన వల్ల కాదు, అవసరం కూడా లేదు. మన ఇంటి బొద్దింకలను తిని బతికే ప్రాణి అది. మంచం మీద పడుకోవడం, చెప్పులు దులిపి తొడుక్కోవడం, రాత్రి దీపం లేనిదే పెరట్లోకి పోకపోవడం, గోడ నెర్రెలు పూడ్చుకోవడం మన చేతిలో ఉన్నవి. మందును ఊరి దగ్గరకు చేర్చడం ప్రభుత్వం చేతిలో ఉన్నది. తేలు మంత్రం రానివాడు పాము పుట్టలో చెయ్యి పెట్టినట్లు అని సామెత. ఈ కాలానికి తేలు మంత్రం అంటే మూడు మాటలే: చెమట చూడు, బండి కట్టు, ఆలస్యం వద్దు. వచ్చే తొలకరి నాటికి ఈ మూడు మాటలూ ప్రతి ఇంటికీ, ఆ మాత్ర ప్రతి ఆరోగ్య కేంద్రానికీ చేరేలా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు పూనుకోవలసి ఉన్నది.